మైక్ సెట్ ఎకోని ప్లగిన్‌గా రాయాలంటే సర్క్యూట్ మొత్తం సిమ్యులేట్ చేయాలా? నేను రాసిన రివర్బ్ రేకు డబ్బాలా ఎందుకు మోగుతోంది?

మీ ప్రశ్నలో నాకు అర్థమైంది ఇది. విశాఖ గాజువాకలో మీ నాన్నగారు చాలా ఏళ్ళు మైక్ సెట్ నడిపారు. చవితి పందిళ్ళలో, జాతరల్లో ఆ ఆంప్లిఫయర్ ఇచ్చే ఎకో మీ చెవుల్లో ఉండిపోయింది. దాన్నే ప్లగిన్‌గా, అంటే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో తగిలించుకునే చిన్న ప్రోగ్రాంగా రాయాలనుకుంటున్నారు. అది ఎనలాగ్ (శబ్దాన్ని అంకెలుగా మార్చకుండా కరెంటు రూపంలోనే నడిపేది) కాబట్టి సర్క్యూట్‌లోని ప్రతి రెసిస్టర్నీ కోడ్‌లోకి దింపాలేమో, లేకపోతే న్యూరల్ నెట్‌వర్క్‌కి అప్పజెప్పాలేమో అని అనుమానం. ఈలోగా సాధన కోసం ఒక రివర్బ్ (హాల్లో మోగినట్టు శబ్దాన్ని సాగదీసే ఎఫెక్ట్) రాశారు: ష్రోడర్ పద్ధతి, నాలుగు కోంబ్ ఫిల్టర్లు, రెండు ఆల్‌పాస్‌లు (ఏ ఫ్రీక్వెన్సీనీ తగ్గించకుండా ప్రతిధ్వనుల్ని పెంచే ఫిల్టర్లు), ఫీడ్‌బ్యాక్ (మళ్ళీ లోపలికి పంపే వంతు) కోంబులన్నిటికీ 0.88. పాటకి బాగానే ఉంది, తాళం (భజన తాళాలు) మోగిస్తే మాత్రం రేకు డబ్బా మీద కొట్టినట్టుంది. అందులో కల్యాణ మండపంలా మోగే ప్రీసెట్ (ముందే సర్ది పెట్టిన అమరిక) ఒకటి పెడతానన్నారు.

ముందే చెప్పేస్తాను. రేకు మోతకి ముఖ్య కారణాలు రెండు: ప్రతిధ్వనులు చాలినన్ని లేవు, నాలుగు కోంబులకీ ఒకే ఫీడ్‌బ్యాక్ ఇచ్చారు. రెండోది పది నిమిషాల్లో సరిచేయొచ్చు. ఎకోకి సర్క్యూట్ సిమ్యులేషన్ అక్కర్లేదు, ఒక డిలే లైను (శబ్దాన్ని కాసేపు పట్టి ఉంచి వదిలే మెమరీ) చుట్టూ నాలుగైదు చిన్న ముక్కలు పెడితే చాలు. న్యూరల్ నెట్‌వర్క్ ఈ పనికి సరైన పనిముట్టు కాదు. ఇంకో మాట, మీకు కాస్త నిరాశగా ఉండొచ్చు: నాన్నగారి ఎకో ఎనలాగ్ అయ్యే అవకాశం తక్కువ.

నేను పద్దెనిమిదేళ్ళుగా ఆడియో కోడ్ రాస్తున్నాను. అంతకుముందు పూర్ణా మార్కెట్ దగ్గర ఒక షాపులో ఆంప్లిఫయర్లు విప్పి బాగుచేసేవాణ్ణి. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తాను.

రేకు మోత సంగతి ముందు చూద్దాం. కోంబ్ ఫిల్టర్ అంటే ఏముంది, వచ్చిన శబ్దాన్ని కాసేపు పట్టి ఉంచి, కొంచెం తగ్గించి, మళ్ళీ లోపలికే తోయడం. 37.1 మిల్లీసెకన్ల కోంబ్‌లోకి ఒక్క చప్పట్టు పంపితే అది సెకనుకి 27 సార్లు తిరిగొస్తుంది. అందరూ కాపీ కొట్టే అంకెలు 29.7, 37.1, 41.1, 43.7 మిల్లీసెకన్లు, మీవీ అవే అయ్యుంటాయి. ఆ నాలుగూ కలిపినా సెకనుకి 108 దాకానే వస్తాయి. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ 1962 నాటి తన పేపర్లోనే సెకనుకి వెయ్యి దాకా ప్రతిధ్వనులు ఉండాలన్నాడు. ఆ లోటు పూడ్చడానికే చివర్లో ఆల్‌పాస్‌లు పెట్టాడు. గొంతు సాగుతూ ఉంటుంది కాబట్టి ఒక ప్రతిధ్వనికీ ఇంకోదానికీ మధ్య ఖాళీలు కప్పుకుపోతాయి. తాళం ఒక్క టంగుమని ఆగిపోతుంది, ఆ ఖాళీలన్నీ బయటపడతాయి. తాళంతో పరీక్షించడం మంచి పనే. చాలామంది తమ గొంతుతోనే పరీక్షించుకుని మురిసిపోతారు.

ఇక ఆ 0.88. రివర్బ్ ఎంతసేపు ఉంటుందో చెప్పడానికి ఆర్‌టీ 60 అనే కొలత వాడతాం: శబ్దం 60 డెసిబెల్స్ పడిపోవడానికి పట్టే సమయం. పొట్టి కోంబ్‌లో శబ్దం ఎక్కువసార్లు తిరుగుతుంది, తిరిగిన ప్రతిసారీ 0.88తో గుణించుకుని తొందరగా చచ్చిపోతుంది. పొడుగు కోంబ్‌లో తక్కువసార్లు తిరుగుతుంది కాబట్టి ఎక్కువసేపు బతుకుతుంది. లెక్క వేసి చూడండి. 0.88తో మీ 29.7 కోంబ్ 1.6 సెకన్లలో ఆగిపోతుంది, 43.7 కోంబ్ 2.36 సెకన్ల దాకా మోగుతుంది. అంటే తోక (అసలు శబ్దం ఆగాక మిగిలే రివర్బ్) చివర్లో మిగిలేది ఆ ఒక్క కోంబే. అది 22.9 హెర్ట్జ్ దూరంలో వరసగా నిలబడ్డ రెసొనెన్సులతో (మిగతావాటికంటే గట్టిగా మోగే ఫ్రీక్వెన్సీలతో), ఒక గొట్టంలో ఊదినట్టు మోగుతుంది. మీరు రేకు అంటున్నది ఎక్కువగా దాన్నే.

ప్రతి కోంబ్‌కీ గెయిన్ (అదే, ఆ ఫీడ్‌బ్యాక్ అంకె) విడిగా లెక్కకట్టాలి. డిలేని సెకన్లలో తీసుకుని 3తో గుణించి, కావలసిన ఆర్‌టీ 60తో భాగించండి. ఆ వచ్చినదానికి మైనస్ పెట్టి 10 మీద ఘాతంగా వేయండి. రెండు సెకన్ల రివర్బ్‌కి వరసగా 0.903, 0.880, 0.868, 0.860 వస్తాయి. తేడాలు చూడ్డానికి చిన్నవే, తోకలో మాత్రం ఇట్టే తెలిసిపోతాయి.

ఇక్కడ ఎవరో ఒకరు లేచి "ఫ్రీవెర్బ్‌లో ఎనిమిది కోంబులకీ ఒకే ఫీడ్‌బ్యాక్ కదా" అంటారు. నిజమే. కానీ ఆ ఉచిత రివర్బ్ కోడ్‌లో ఎనిమిది లైన్లున్నాయి, ప్రతి లూపులోనూ ఒక లో-పాస్ (పై ఫ్రీక్వెన్సీలని తగ్గించే ఫిల్టర్) ఉంది, తర్వాత నాలుగు ఆల్‌పాస్‌లున్నాయి. లోపం ఉంది, కప్పుకుపోయింది. లూపులో లో-పాస్ పెట్టడం జేమ్స్ మూరర్ 1979లో చెప్పిన ఉపాయం: గదిలో హై ఫ్రీక్వెన్సీలు ముందు చచ్చిపోతాయి కాబట్టి ఫిల్టర్‌లోనూ అలాగే చావాలి. మీ కోడ్‌లో అది లేదు. అది పెట్టగానే తాళం సగం మెత్తబడుతుంది. (చిత్రమేమంటే తేమ ఉన్న గాలిలో హై ఫ్రీక్వెన్సీలు పొడి గాలిలో కంటే ఎక్కువ దూరం పోతాయి. ఏసీ బిగించిన హాల్లో తీసిన కొలతలకీ మన ఆగస్టు నెల ఉక్కపోతలో తలుపులు తీసిన మండపంలో తీసిన కొలతలకీ తేడా రావడానికి ఇదీ ఒక కారణం.)

మీ స్థానంలో నేనైతే కోంబులు అక్కడితో వదిలేసి ఫీడ్‌బ్యాక్ డిలే నెట్‌వర్క్‌కి మారిపోతాను. పేరు చూసి బెదిరిపోకండి. ఎనిమిది డిలే లైన్లు, ఒక్కోదాని అవుట్‌పుట్ తన ఇన్‌పుట్‌కి మాత్రమే కాకుండా ఎనిమిదింటికీ పంచుకుంటుంది. దాంతో ప్రతిధ్వనులు తిరిగిన కొద్దీ గుణించుకుంటూ పోతాయి. పంచడానికి మ్యాట్రిక్స్ కావాలంటారు, హౌస్‌హోల్డర్ మ్యాట్రిక్స్ అయితే రెండు లైన్ల కోడ్: ఎనిమిది విలువలూ కూడండి, 4తో భాగించండి, ఆ వచ్చినదాన్ని ప్రతి విలువలోంచీ తీసేయండి. అంతే. శక్తి పెరగదు, తరగదు. తరిగే పని గెయిన్లది, లో-పాస్‌లది. 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో (అంటే సెకనుకి 48,000 శాంపిళ్ళు, శబ్దం కొలతలు) నేను మొదలుపెట్టే పొడవులు 1009, 1171, 1327, 1493, 1667, 1861, 2053, 2273 శాంపిళ్ళు. అన్నీ ప్రధాన సంఖ్యలే, ఒకదాని గుణిజాల మీద ఇంకోటి వచ్చి పడకూడదని. ఝాన్-మార్క్ జో, ఆంత్వాన్ షేన్ 1991లో ఈ పద్ధతిలో గెయిన్లను పొడవుకి తగ్గట్టు ఎలా కట్టాలో చూపించారు. పైన చెప్పిన సూత్రమే ఇక్కడా పనికొస్తుంది.

దీని మీద ఒకటి రెండు లైన్ల పొడవుని చాలా నెమ్మదిగా, కొన్ని శాంపిళ్ళ మేర అటూ ఇటూ కదిపితే మిగిలిన గంటలాంటి మోత కూడా కరిగిపోతుంది. ఎక్కువ కదిపారో, శ్రుతి పోతుంది. దీనికి తాళం పనికిరాదు, తంబూర వేసి వినండి. ఒకే శ్రుతి నిలబడి ఉన్నచోట చిన్న ఊగు కూడా చెవికి తగులుతుంది. నేను ఒకసారి గిటార్‌తో మాత్రమే విని ఒక రివర్బ్ ఇచ్చేశాను. కర్ణాటక సంగీతం పాడే ఆవిడ ఒకరు రెండు నిమిషాలు విని, "మీ హాలు మత్తుగా ఉందండీ" అన్నారు.

ఇంకో దెబ్బ చెబుతాను, అందరికీ ఒకసారి తగిలేదే. సిరిపురం వైపు ఒక సభలో లాప్‌టాప్ మీద నా రివర్బ్ నడుస్తోంది. పాట నడిచినంతసేపూ ప్రాసెసర్ చల్లగా ఉంది. పాట అయిపోయింది, చప్పట్లు ఆగాయి, అందరూ నిశ్శబ్దంగా ఉన్నారు, అప్పుడు స్పీకర్లోంచి కరకర మొదలైంది. శబ్దమే లేనప్పుడు ప్రాసెసర్ నూటికి నూరు ఎక్కడం ఏమిటి? డీనార్మల్స్. తోక తరుగుతూ తరుగుతూ అంకెలు ఎంత చిన్నవైపోతాయంటే, ప్రాసెసర్ వాటిని మామూలు దారిలో లెక్కపెట్టలేక నెమ్మదైన దారి పడుతుంది. ఆడియో థ్రెడ్ మొదట్లో ఫ్లష్-టు-జీరో (అలాంటి అంకెల్ని సున్నాగా తీసుకోమనే సెట్టింగ్) ఆన్ చేసుకోండి. ఆ రోజు తర్వాత నేను ఏ ప్లగిన్‌నైనా రెండు నిమిషాల నిశ్శబ్దం వేసి చూడకుండా బయటికి పంపలేదు.

ఇప్పుడు నాన్నగారి ఎకో. షాపులో ఉన్నప్పుడు నా చేతుల్లోకి వచ్చిన ఎకో ఉన్న ఆంప్లిఫయర్లలో ఎక్కువవాటిలో పీటీ2399 అనే పదహారు కాళ్ళ చిప్ ఉండేది. అది డిజిటల్ చిప్. లోపల 44 కిలోబిట్ల మెమరీ, దానికి అటూ ఇటూ శబ్దాన్ని అంకెలుగా, అంకెల్ని శబ్దంగా మార్చే కన్వర్టర్లు. 30 మిల్లీసెకన్ల నుంచి 340 దాకా డిలే ఇస్తుంది. మెమరీ సైజు మారదు, డిలే పెంచాలంటే క్లాక్ (మెమరీలో రాసే, చదివే వేగం) తగ్గించడమే దారి. క్లాక్ తగ్గితే గరగర పెరుగుతుంది. ఆ గరగర వినబడకుండా బయట లో-పాస్ పెడతారు, దాంతో శబ్దం మసకగా అవుతుంది. ఆ మసకనే మనం "ఎనలాగ్ వెచ్చదనం" అంటున్నాం. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. స్టూడియోల్లో ఇవాళ్టికీ మొక్కుకునే ఈఎంటీ 250 (1976), లెక్సికన్ 224 (1978) రివర్బ్ యంత్రాలు కూడా డిజిటలే. నిజంగా ఎనలాగ్ అయినది కావాలంటే బకెట్ బ్రిగేడ్ చిప్పులు ఉన్నాయి: మంట ఆర్పడానికి జనం వరసలో నిలబడి బకెట్లు అందించుకున్నట్టు, చార్జ్‌ని ఒక కెపాసిటర్ నుంచి పక్కదానికి అందిస్తాయి. 1969లో ఫిలిప్స్‌లో పుట్టాయి. వాటిలోనూ తంతు ఇదే: అరల సంఖ్య మారదు, క్లాక్ మారుతుంది.

కాబట్టి రాయాల్సింది ఇంతే. ఒక డిలే లైను. దానికి ముందొకటి, తర్వాతొకటి లో-పాస్, 3 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి చెవితో సర్దుకోండి. ఫీడ్‌బ్యాక్ దారిలో ఒక హై-పాస్ (కింది ఫ్రీక్వెన్సీలని తగ్గించే ఫిల్టర్), లేకపోతే తిరిగిన కొద్దీ కింద బురద పేరుకుంటుంది. ఆ దారిలోనే ఒక మెత్తటి క్లిప్పింగ్ (శబ్దం హద్దు దాటకుండా కొసల్ని వంచడం), హైపర్బోలిక్ టాంజెంట్ చాలు. ఫీడ్‌బ్యాక్ నాబ్ చివరిదాకా తిప్పితే శబ్దం పేలిపోకుండా ఒక స్థాయిలో ఊళ పెడుతూ నిలబడేది దానివల్లే. డిలే సమయంతోపాటు పెరిగే సన్నటి హిస్. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, డిలే నాబ్ తిప్పినప్పుడు గొంతు సాగాలి. చాలా ప్లగిన్లు పాత డిలే నుంచి కొత్త డిలేకి క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గిస్తూ ఇంకోటి పెంచడం) చేసేస్తాయి, శుభ్రంగా ఉంటుంది, అబద్ధంగా ఉంటుంది. క్లాక్ మారితే అప్పటికే మెమరీలో ఉన్న శబ్దం కొత్త వేగంతో బయటికొస్తుంది, అందుకే శ్రుతి జారుతుంది. రీడ్ పాయింటర్‌ని (మెమరీలో ఎక్కడ చదువుతున్నామో చూపే గుర్తుని) ఒక్కసారి గెంతించకుండా నెమ్మదిగా జరపండి. శాంపిళ్ళ మధ్య విలువకి లీనియర్ ఇంటర్‌పొలేషన్ వాడితే తిరిగిన ప్రతిసారీ పై ఫ్రీక్వెన్సీలు కాస్త తరుగుతాయి, కాబట్టి క్యూబిక్ వాడండి. ఈ ఎకో ఎలాగూ మసకే కాబట్టి లీనియర్ అయినా పెద్ద నష్టం లేదు, రివర్బ్‌లో మాత్రం వద్దు.

అయితే ఇంత చేసినా మీకు "అది ఇది కాదే" అనిపించే అవకాశం ఉంది. ఎందుకంటే మీరు చిన్నప్పుడు విన్నది చిప్‌ని మాత్రమే కాదు. స్తంభాలకి కట్టిన గొట్టాలు గుర్తున్నాయా? హారన్ స్పీకర్‌లో కింద బేస్ ఉండదు, పైన మెరుపు ఉండదు, మధ్యలో మాత్రం చెవిలో పొడిచినట్టు ఉంటుంది. పైగా ఒక గొట్టం పందిరి దగ్గర, ఇంకోటి వీధి చివర. మన ఎండలో శబ్దం సెకనుకి దాదాపు 350 మీటర్లు పోతుంది. డెబ్బై మీటర్ల తేడా ఉంటే రెండో గొట్టం శబ్దం 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా అందుతుంది. మార్గశిర గురువారం నాడు బురుజుపేట సందుల్లో కనకమహాలక్ష్మి అమ్మవారి పాట నాలుగు వైపుల నుంచీ నాలుగు వేళల్లో వినిపించేది ఇందుకే. ఆ ఎకోలో సగం డబ్బాలోది, సగం స్తంభాల మధ్యది. రెండు మూడు అదనపు డిలేలు పెట్టి, ఒక్కోదానికీ వేరే వాల్యూమ్, హారన్ లాంటి బ్యాండ్-పాస్ (మధ్య ఫ్రీక్వెన్సీలనే వదిలే ఫిల్టర్) ఇచ్చి చూడండి. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి, ఎక్కడ ఏ గొట్టం కట్టేవారో ఆయనకి గుర్తుంటుంది.

క్లిప్పింగ్ గురించి ఒక హెచ్చరిక. శబ్దాన్ని వంచితే కొత్త హార్మోనిక్స్ పుడతాయి, సగం శాంపిల్ రేటు దాటినవి మడతపడి కిందికొస్తాయి. 44.1 కిలోహెర్ట్జ్‌లో 5 కిలోహెర్ట్జ్ స్వరాన్ని గట్టిగా క్లిప్ చేయండి. దాని ఏడో హార్మోనిక్ 35 దగ్గర ఉండాలి, 9.1కి దిగుతుంది. తొమ్మిదోది 45 దగ్గర ఉండాలి, 900 హెర్ట్జ్ దగ్గర ప్రత్యక్షమవుతుంది. పాడిన స్వరానికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. ఎకో లూపులో ముందే లో-పాస్ ఉంది కాబట్టి మీకు బాధ తక్కువ. రేపు గిటార్ ఓవర్‌డ్రైవ్ (గిటార్ శబ్దాన్ని కావాలని గట్టిగా క్లిప్ చేసే ఎఫెక్ట్) రాస్తే మాత్రం క్లిప్పర్‌ని నాలుగు రెట్లో ఎనిమిది రెట్లో ఓవర్‌శాంపిల్ చేయక (ఎక్కువ శాంపిల్ రేటులో నడపక) తప్పదు. సర్క్యూట్‌ని అక్షరం పొల్లుపోకుండా దింపి దీన్ని వదిలేసినవాళ్ళని చాలామందిని చూశాను.

న్యూరల్ నెట్‌వర్క్ ఎందుకు వద్దన్నానంటే, అది ఓవర్‌డ్రైవ్, ట్యూబ్ ఆంప్ లాంటివాటికి బాగా కుదురుతుంది, అక్కడ గతం జ్ఞాపకం కొన్ని మిల్లీసెకన్లే. మూడో వంతు సెకను పట్టి ఉంచి, మళ్ళీ తిప్పి, మధ్యలో క్లాక్ కూడా మారే వస్తువుని నేర్పాలంటే నేర్చుకునేదానికంటే మింగేది ఎక్కువ. డిలే ఎలా పనిచేస్తుందో మనకి తెలుసు కదా, తెలిసినదాన్ని మళ్ళీ నేర్పడం దేనికి.

కన్వల్యూషన్ (ఒక చోట తీసిన చప్పుడు రికార్డింగ్‌ని వాడి ఆ చోటి మోతని ఏ శబ్దానికైనా అద్దడం) గురించి మీరు అడగలేదు గానీ అడుగుతారు. కదలని గదికి, హారన్ స్పీకర్ స్వభావానికి అది చక్కగా సరిపోతుంది. క్లిప్పింగ్‌నీ, కదిలే డిలేనీ పట్టలేదు. నేను మొదటిసారి ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర బెలూన్ పేల్చి రికార్డు చేశాను. రివర్బ్ అద్భుతంగా వచ్చింది. ఇంటికెళ్ళి స్నేర్ డ్రమ్ వేస్తే, ప్రతి దెబ్బ తర్వాతా ఎక్కడో సన్నగా ఒక కూత. హెడ్‌ఫోన్స్‌తో పదిసార్లు విన్నాక తెలిసింది: రెండో అంతస్తు వాళ్ళ ప్రెషర్ కుక్కర్. సరిగ్గా తోకలో కూసింది. తర్వాత ఆంజెలో ఫరీనా 2000లో చెప్పిన ఎక్స్‌పొనెన్షియల్ స్వీప్ (కింది స్వరం నుంచి పై స్వరం దాకా జారే శబ్దాన్ని వేసి రికార్డు చేయడం) పద్ధతికి మారాను. అదీ కుక్కర్‌కి అతీతం కాదు, కూత జారుడు శబ్దంగా మారుతుందంతే. కాబట్టి వంటల వేళ తప్పించి, రెండు మూడు స్వీపులు తీసి పెట్టుకోండి.

కల్యాణ మండపం ప్రీసెట్ పెడతానన్నారు కాబట్టి ఒక్క లెక్క. హాలు ఆర్‌టీ 60 ఎంతో చెప్పే సబైన్ సూత్రం: ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గది పీల్చుకునే విస్తీర్ణంతో భాగించాలి. 30 మీటర్ల పొడవు, 15 వెడల్పు, 6 ఎత్తు ఉన్న సిమెంటు హాలు, గోడలు, నేల, కప్పు అన్నీ నూటికి మూడు వంతులే పీల్చుకుంటాయనుకుంటే, ఖాళీగా పది సెకన్లు మోగుతుంది. మనిషికి 0.45 చదరపు మీటర్ల చొప్పున మూడొందల మందిని కూర్చోబెడితే 2.4కి దిగుతుంది. మైక్ సెట్ వాళ్ళు సౌండ్ చెక్‌లో "జనం వచ్చాక సర్దుకుంటుందండీ" అనేది ఈ లెక్కనే. మీ ప్రీసెట్‌లో "జనం" అని ఒక నాబ్ పెట్టండి, నేనైతే కొంటాను.

ముందు ఆ నాలుగు గెయిన్లూ మార్చి, లూపుల్లో లో-పాస్ పెట్టి, తాళం ఒకే ఒక్క దెబ్బ వేసి క్లిప్ ఇక్కడ పెట్టండి. వీలైతే ఆంప్లిఫయర్ మూత విప్పి ఎకో బోర్డు ఫొటో కూడా. మూత తీసేముందు ప్లగ్ పీకేసి కాసేపు ఆగండి, పవర్ సప్లయి కెపాసిటర్లలో చార్జ్ మిగిలి ఉంటుంది. చిప్ మీద నంబరు గీకేసి ఉన్నా ఫర్వాలేదు, కాళ్ళు పదహారు ఉన్నాయో లేదో లెక్కపెట్టి చెప్పండి.